పురుగుల తాత పెట్టెలు, మా ఇంటి వంశవృక్షం: ఇంట్లో ఒక కీటక శాస్త్రవేత్త ఉంటే కుటుంబ చరిత్ర ఎలా రాసుకోవాలి

మా నాన్నకి చిన్నాయన, అంటే నాకు చిన్నతాత, వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కీటకశాస్త్రం డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైర్ అయ్యారు, ఇంట్లో చిన్నా పెద్దా అందరికీ ఆయన పురుగుల తాతే. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయినేడు వనస్థలిపురం ఇల్లు ఖాళీ చేస్తుంటే సజ్జ మీద నుంచి మూడు చెక్క పెట్టెలు దిగాయి, మూత తీయగానే డాంబర్ గోలీల వాసన గుప్పుమంది, లోపల వరసగా సూదులకి గుచ్చిన పురుగులు, ఒక్కోదాని కింద గోరంత కాగితం ముక్క, దాని మీద చీమ తలకాయంత అక్షరాలు. వాటితోపాటే ఒక రేకు డబ్బాలో జాతకాలు, లగ్నపత్రికలు, పాత పహాణీ (పొలం రికార్డు) నకళ్ళు దొరికాయి. అప్పటిదాకా వంశవృక్షం అంటే పేర్లు రాసి గీతలు కలపడమే అనుకున్నా. ఏడాదిపాటు ఈ పెట్టెల్నీ ఆ డబ్బానీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాక తెలిసింది, తాత పురుగులకి చేసిన పనే మనం మన మనుషులకీ చేయాలని. మీ ఇంట్లో కూడా ఇట్లాంటి తాతో మేనమామో ఉండి ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో నాకు తెలిసినంత రాస్తున్నా.

అన్నిటికంటే ముందు ఒక నియమం పెట్టుకోండి. కీటకశాస్త్రం చదివినవాళ్ళని ఎవర్ని అడిగినా చెప్తారు, లేబుల్ లేని పురుగు ఎంత అందంగా ఉన్నా సైన్సుకి పనికిరాదు. ఏ ఊళ్ళో దొరికింది, ఏ తారీఖున, ఏ పంట మీద, ఎవరు పట్టారు, ఇది లేకపోతే అది ఒట్టి అలంకారం. ఇంటి సంగతులూ అంతే. "ముత్తాతకి నాలుగు బావులు ఉండేయంట" అనేది లేబుల్ లేని పురుగు. అదే మాట "నాలుగు బావులు, ఫలానా ఊరు, పోలీసు చర్యకి ముందు, చెప్పింది మేనత్త, నేను విన్నది ఫలానా తారీఖున" అని రాస్తే రేపు మీ మనవడికి కూడా పనికొస్తుంది. నేను ఒక్కో సంగతికి ఒక్కో కార్డు పెట్టుకున్నా, పోస్టుకార్డు సైజు అట్టముక్క, పైన విషయం, కింద ఎవరు చెప్పారు లేదా ఏ కాగితంలో ఉంది. గూగుల్ షీట్‌లో చేసుకున్నా ఫర్వాలేదు, గ్రాంప్స్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉంది, అందులో ప్రతి సంగతికీ ఆధారం రాసుకునే చోటు ఉంటుంది. ఏది వాడినా సరే కానీ "ఎవరు చెప్పారు" అనే గడి మాత్రం ఖాళీగా వదలొద్దు, ఏడాది తర్వాత మీకే గుర్తుండదు.

కాగితాల కంటే ముందు మనుషుల దగ్గరికి వెళ్ళండి, కాగితాలు ఎక్కడికీ పోవు. పెద్దవాళ్ళని "ఏ సంవత్సరంలో జరిగింది" అని అడిగితే చెప్పలేరు, అడగాల్సిన తీరు వేరే. మా అత్తమ్మకి, అంటే నాన్న వాళ్ళ మేనత్తకి, ఇప్పుడు ఎనభై దాటాయి, ఆమె చిన్నతాతకి సొంత చెల్లెలు. మొదటిసారి ఫోన్ రికార్డింగ్ పెట్టి నోట్‌బుక్ తీస్తే ఆమె భయపడి "నాకేం గుర్తులేదు బిడ్డా" అనేసింది. రెండోసారి చిక్కుడుకాయలు తీసుకుని పోయి ఆమెతోపాటు ఈనెలు తీస్తూ కూర్చున్నా, రజాకార్లప్పుడు మీరు ఎక్కడున్నరు అత్తమ్మా అని అడిగా, అంతే, రెండు గంటలు ఆగలేదు. మన దగ్గర కాలాన్ని కొలిచే గుర్తులు ఇవి: 1908 సెప్టెంబర్ మూసీ వరద, అది ఆ తరం తమ పెద్దల నోట విన్నది, 1948 సెప్టెంబర్ పోలీసు చర్య, 1956లో రాష్ట్రం కలవడం, 1969 తెలంగాణ ఉద్యమం, 1977 నవంబర్ దివిసీమ ఉప్పెన. "ఉద్యమమప్పుడు పెద్దోడు నా కడుపులో ఉన్నడు" అంటే మీకు సంవత్సరం దొరికినట్టే. ఇంకో మాట, ఒకే సంగతి ఇద్దరు వేరేవేరేగా చెప్తే ఎవరిది రైటో అక్కడికక్కడ తేల్చకండి, రెండు కార్డులు రాసుకోండి.

తారీఖుల దగ్గర చాలామంది తప్పు చేస్తారు కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్తా. హైదరాబాద్ సంస్థానంలో కాగితాలు ఫసలీ లెక్కలో ఉండేవి, స్కూల్ రిజిస్టర్లు, భూమి కాగితాలు, సర్కారు ఉత్తర్వులు అన్నీ. ఫసలీ సంవత్సరం అక్టోబర్ మొదట్లో ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, 1347 ఫసలీ అంటే 1937 అక్టోబర్ నుంచి 1938 అక్టోబర్ మొదటిదాకా. జాతకాల్లో మాత్రం మన అరవై సంవత్సరాల పేర్లు ఉంటాయి. చిన్నతాత జాతకంలో బహుధాన్య నామ సంవత్సరం శ్రావణ మాసం అని ఉంది, బహుధాన్య 1938 ఉగాదికి మొదలైంది, బడి కాగితంలో పుట్టిన సంవత్సరం 1347 ఫసలీ అని ఉంది, రెండూ కలిసేది 1938 ఉగాది నుంచి అక్టోబర్ మొదలుదాకా మాత్రమే, శ్రావణం అందులోనే పడుతుంది. అంటే రెండు కాగితాలూ ఒకటే మాట చెప్తున్నాయి. కానీ ఆయన సర్వీసు కాగితాల్లో పుట్టినరోజు జూలై 1! ఆ రోజుల్లో బళ్ళో చేర్చేటప్పుడు పంతుళ్ళు ఏదో ఒక ఒకటో తారీఖు వేసేవాళ్ళు, మన ఇళ్ళల్లో సగం మందికి అసలు పుట్టినరోజు వేరే, సర్టిఫికెట్ పుట్టినరోజు వేరే. రెండూ రాసుకోండి, ఏది ఎక్కడిదో లేబుల్ పెట్టండి. ఒకటి గుర్తుంచుకోండి, అరవై ఏళ్ళకోసారి అవే పేర్లు తిరిగి వస్తాయి, ముత్తాత జాతకంలో బహుధాన్య ఉంటే అది 1878 కావచ్చు.

పేర్ల సంగతి. ఇంట్లో తద్దినం పెట్టేటప్పుడు అయ్యగారు తండ్రి, తాత, ముత్తాత పేర్లు గోత్రంతో చెప్పిస్తారు, అట్లాగే తల్లి, నాయినమ్మ, ముత్తవ్వ పేర్లు కూడా. అంటే అడిగే ఓపిక ఉండాలేగానీ మూడు తరాలు ఏ పుస్తకమూ లేకుండానే దొరుకుతాయి, ఆడవాళ్ళ పేర్లతో సహా. ఈ ఆడవాళ్ళ పేర్లే పహాణీల్లో గానీ పాత రిజిస్టర్లలో గానీ చాలాసార్లు దొరకవు కాబట్టి అక్కడే పట్టుకోండి. తద్దినాలు లేని ఇళ్ళల్లో వేరే దారులున్నాయి, పద్మశాలీలకి కూనపులివాళ్ళు, మాదిగలకి డక్కలివాళ్ళు కులపురాణాలు చెప్తూ వచ్చారు, ఊరికి వస్తే కూర్చోబెట్టి అన్నం పెట్టి వినండి, రికార్డ్ చేస్తామంటే అనుమతి అడగండి. కాశీ, గయ వెళ్ళినప్పుడు పండాల దగ్గర పాత పుస్తకాల్లో మీ ఊరి పేరు చెప్పి అడగండి, మనవాళ్ళు వచ్చి ఉంటే వాళ్ళ సంతకమే దొరకొచ్చు.

గీతలు గీసేటప్పుడు రెండు చిక్కులు వస్తాయి. ఒకటి, మనవడికి తాత పేరు పెట్టడం, మా ఇంట్లో ఒకటే పేరు ఆరుగురికి ఉంది. పేరుతో కాకుండా నంబర్‌తో గుర్తుపెట్టుకోండి. రెండోది మేనరికం. మేనమామకో మేనబావకో ఇస్తే ఒకే మనిషి చెట్టులో రెండు చోట్ల కనిపిస్తుంది, మేనమామకైతే కొడుకు వైపు నుంచి కోడలు, కూతురు వైపు నుంచి మనవరాలు. ఆమెని రెండుసార్లు రాయొద్దు, ఒకే నంబర్ ఇచ్చి రెండు గీతలు గీయండి. దత్తత పోయినవాళ్ళకి, ఇల్లరికం వచ్చినవాళ్ళకి గీత రంగు మార్చండి చాలు.

ఇక పురుగుల పెట్టెలు. ఇక్కడ మెల్లగా చేయండి, ఎందుకంటే ఒక్కసారి విరిగింది మళ్ళీ అతకదు.

మొదట మీ ప్రాణం సంగతి. పాతకాలం కీటక శాస్త్రవేత్తలు పురుగుల్ని చంపడానికి మందపాటి గాజు సీసా వాడేవాళ్ళు, అడుగున సయనైడ్ వేసి పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసేవాళ్ళు. పెట్టెల పక్కన అడుగున తెల్లగా గట్టిపడ్డ పూత ఉన్న సీసా కనిపిస్తే మూత తీయకండి, వాసన అసలు చూడకండి, పిల్లలకి అందకుండా పెట్టి ఏదైనా కెమిస్ట్రీ ల్యాబ్ వాళ్ళని అడగండి. పెట్టెలకి కూడా పురుగు పట్టకుండా పాతరోజుల్లో రకరకాల విషాలు పూసేవాళ్ళు, అందుకని చేతికి గ్లౌజులు, మూతికి మాస్కు, కిటికీలు బార్లా తీసిన గదిలో గానీ ఆరుబయట గానీ గాలి తగిలే చోట తెరవండి.

తెరిచాక దేన్నీ వేలితో ముట్టుకోవద్దు. ఎండిన పురుగు అప్పడం కంటే పెళుసు, కాళ్ళూ మీసాలూ ఊపిరి గట్టిగా తగిలినా రాలతాయి. కదిలించాల్సి వస్తే పురుగు కింద ఉన్న సూదిని చిమటాతో పట్టుకుని నిటారుగా లేపాలి. ఏదైనా పురుగు కింద గోధుమరంగు పొడి కనిపించిందా, అంటే లోపల ఇంకో పురుగు బతికి ఉంది, ఎండినవాటినే తిని బతికే చిన్న పెంకుపురుగు పిల్లలు అవి. పెట్టెని గాలి చొరకుండా ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి, ఇంట్లో ఫ్రిజ్ పైఅర అంత చల్లగా ఉండకపోవచ్చు, మైనస్ ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి. బయటికి తీశాక ఆత్రంగా కవర్ విప్పకండి, ఒక రోజంతా గది వేడికి వచ్చాక విప్పండి, లేకపోతే తేమ పట్టి బూజు వస్తుంది.

ఆ తర్వాత ఫోటోలు. పెట్టె మొత్తానికి ఒకటి, తర్వాత ఒక్కో పురుగుకి, తర్వాత పక్కనుంచి లేబుల్‌కి. సూది మీద ఒకదాని కింద ఒకటి రెండు మూడు లేబుళ్ళు ఉంటాయి, పైది ఎక్కడ ఎప్పుడు ఎవరు పట్టారు అని, కిందది ఆ పురుగు పేరు, పేరు పెట్టి నిర్ధారించినవాళ్ళ పేరు, ఆ సంవత్సరం. పట్టినాయన వేరు, పేరు చెప్పినాయన వేరు, ఈ రెండింటినీ కలపొద్దు. వరస మార్చొద్దు, ఆ వరస కూడా ఒక సమాచారమే. నెలని చాలాసార్లు రోమన్ అంకెల్లో రాస్తారు, రోజూ నెలా తారుమారు కాకుండా, 12 తర్వాత రోమన్ ఎనిమిది తర్వాత 67 ఉంటే అది 1967 ఆగస్టు 12. చిన్న గాజు గొట్టాల్లో స్పిరిట్‌లో వేసిన పురుగులుంటే లేబుల్ లోపలే ఉంటుంది, పెన్సిల్‌తో రాసి ఉంటుంది, మామూలు ఇంకు స్పిరిట్‌లో కరిగిపోతుంది కదా. గొట్టం ఎండిపోయినా లేబుల్ బయటికి తీయకండి.

ఇప్పుడు అసలు పని, ఈ లేబుళ్ళన్నీ తారీఖుల వరసలో పేర్చండి. ఒక డైరీ తయారవుతుంది! మా చిన్నతాత డైరీ రాసే మనిషి కాదు, ఉత్తరాలు కూడా రెండు లైన్లే, కానీ ఈ లేబుళ్ళు పేరిస్తే ఆయన జీవితం ఊరూరా నడిచొచ్చింది. వరంగల్‌లో వరి మీద ఉల్లికోడు, రుద్రూరులో వరి కాండం తొలిచే పురుగు, పాలెంలో ఆముదం మీద దాసరి పురుగు, తాండూరులో కంది మీద శనగపచ్చ పురుగు. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లు లేకపోయినా ఏ ఏడు ఎక్కడున్నారో తేలిపోయింది. ఏ ఊరికి బదిలీ అయితే ఆ తర్వాత ఏడాదికి అక్కడే ఒక పిల్లో పిల్లాడో పుట్టారు, మా పెద్దవాళ్ళ పుట్టిన ఊర్లు ఎందుకంత చెల్లాచెదురుగా ఉన్నాయో నాకు అప్పటిదాకా అర్థం కాలేదు.

ఒక్క ఉదాహరణ పూర్తిగా చెప్తా. మా ఇంట్లో యాభై ఏళ్ళ నుంచి ఒక మాట ఉంది, చిన్నతాత సొంత చెల్లెలి పెళ్ళికి కూడా రాలేదు, పురుగులే ఎక్కువయ్యాయి అని. లగ్నపత్రిక తీశా, విరోధికృత్ నామ సంవత్సరం శ్రావణం, కింద ఇంగ్లీషు తారీఖు 1971 ఆగస్టు 8, ఆదివారం, పెళ్ళి సికింద్రాబాద్‌లో. రెండో పెట్టెలో వరంగల్ లేబుళ్ళు చూశా. ఆగస్టు 5, 6, 7, అన్నీ లైట్ ట్రాప్ అని ఉన్నాయి, అంటే రాత్రిపూట దీపపు ఎర పెట్టి పట్టినవి. తర్వాత 9, 10, 11. ఎనిమిది లేదు. భూతద్దం పెట్టి మూడు పెట్టెలూ వెతికా, ఎనిమిది ఎక్కడా లేదు. లేబుల్ లేనంత మాత్రాన ఆయన పెళ్ళికి వచ్చారని కాదు, ఆ రాత్రి కరెంట్ లేకపోయి ఉండొచ్చు, వాన పడి ఉండొచ్చు, అందుకని అక్కడితో ఆగలేదు. పెళ్ళి ఫోటోలు అడిగి తెప్పించా, ఒక ఫోటోలో పందిరి గుంజ వెనకాల, భుజానికి గుడ్డసంచితో సగం మొహం. ఆ ఫోటో తీసుకుని అత్తమ్మ దగ్గరికి పోయి ఏమీ చెప్పకుండా చేతిలో పెట్టా. చాలాసేపు చూసింది. "వచ్చిండు బిడ్డా, పొద్దున బండికి వచ్చిండు, తలంబ్రాలు అయినంక కనవడలే, అన్నం తినకుంటనే పోయిండని అమ్మ ఏడ్చింది, నేనే మర్చిపోయిన" అంది. కార్డు మీద మూడు ఆధారాలు రాసుకున్నా, లేబుళ్ళ మధ్య ఖాళీ, ఫోటో, అత్తమ్మ మాట. ఒక్కోటి విడిగా చూస్తే బలం లేదు, మూడూ కలిస్తే ఉంది. ఆయన రాలేదనే మాట ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ అనరు.

చేతిరాత కూడా చూడండి. లేబుళ్ళన్నీ తాతే రాసి ఉంటారనుకున్నా, కానీ 1968 తర్వాతవి గుండ్రంగా, ఇంకా సన్నగా ఉన్నాయి, ఏడు అంకెకి నడుం మీద ఒక అడ్డగీత. తాత సంతకాల్లో, ఆయన నోట్సులో ఎక్కడా ఏడుకి ఆ గీత లేదు. చిన్న నాయినమ్మ పాల లెక్కల పుస్తకం తెరిస్తే ప్రతి పేజీలో ఉంది, అదే ఏడు, అదే అడ్డగీత. ఎనిమిదో తరగతి చదివిన మనిషి, పదిహేను పదహారేళ్ళు వంటింటి బల్ల మీద కూర్చుని వందల లేబుళ్ళు రాసింది. ఆమె పేరు తాత రాసిన ఏ పరిశోధన పేపర్‌లోనూ లేదు. మన ఊళ్ళోనే ఇంకో సంగతి గుర్తొస్తుంది, రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుక్కున్నాడు, 1902లో నోబెల్ వచ్చింది, బేగంపేటలో ఆయన పేరుతో ఆ భవనం ఇప్పటికీ ఉంది. ఆ దోమలు కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్, దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారంటారు. రాస్ తన రాతల్లో రాసుకున్నాడు కాబట్టే ఆ పేరు మనకి మిగిలింది. మీ వంశవృక్షంలో శాస్త్రవేత్త పక్కన పెట్టెలు మోసిన అటెండర్, పురుగులు పట్టిచ్చిన రైతు, లేబుళ్ళు రాసిన భార్య, వీళ్ళకి కూడా చోటు పెట్టండి.

ఇక పేపర్లు, థీసిస్‌లు వెతకడం. ఇక్కడ పేరుతోనే మొదటి దెబ్బ తగులుతుంది. మనకి ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరంలో, అసలు పేరు తర్వాత. విదేశీ పద్ధతిలో చివరి ముక్కే ఇంటిపేరు అనుకుంటారు, అందుకే మన రావులూ రెడ్డిలూ అక్కడ ఇంటిపేర్లైపోయారు. మిడతల మీద పనిచేసిన కీటక శాస్త్రవేత్త వై. రామచంద్రరావు గారినే తీసుకోండి, ఒక చోట రామచంద్రరావు వై. అని, ఇంకో చోట రావు వై.ఆర్. అని ఉంటారు, ఇద్దరు మనుషులనుకుంటాం. కాబట్టి మీ తాత పేరుని కనీసం నాలుగైదు రకాలుగా తిప్పి వెతకండి, స్పెల్లింగులు కూడా మార్చి. దొరికినది మీ తాతదేనా అని ఊరు, సంవత్సరం, పురుగు, మూడూ లేబుళ్ళతో సరిచూసుకోండి, ఒకే పేరున్నవాళ్ళు ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ఉండొచ్చు.

రెండోది పురుగుల పేర్లు మారడం. ఇప్పుడు హెలికోవెర్పా అంటున్న శనగపచ్చ పురుగు పాత పేపర్లలో హీలియోథిస్, ఉల్లికోడు ఇప్పుడు ఆర్సియోలియా, అప్పట్లో పాకిడిప్లోసిస్. కొత్త పేరుతో వెతికితే పాత పేపర్ దొరకదు. శాస్త్రీయ నామం చివర మొదట పేరు పెట్టినాయన పేరు ఉంటుంది, దాని చుట్టూ బ్రాకెట్ ఉంటే ఆ పురుగుని మొదట పెట్టిన ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, పేరులో మొదటి మాట) నుంచి వేరే ప్రజాతికి మార్చారని గుర్తు. దాసరి పురుగు ఆకియా జనటా పక్కన లిన్నేయస్ పేరు బ్రాకెట్‌లో ఉండేది అందుకే. మన ఆడపిల్లలకి పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినట్టే, కాకపోతే పుట్టింటి ఆనవాలు చెరపకుండా పక్కనే ఉంచుతారు, మన వంశవృక్షాల్లో కూడా ఆ పద్ధతి పెట్టుకుంటే బాగుంటుంది, నేను పెట్టుకున్నా. ఇంకోటి, ఏదైనా పురుగు పేరు మీ ఇంటాయన పేరు మీద పెట్టారని ఇంట్లో చెప్పుకుంటుంటే, రెండో మాట చివర చూడండి, మగవాళ్ళ పేరు మీదైతే మామూలుగా ఇంగ్లీషు ఐ (i) అక్షరంతో ముగుస్తుంది, ఆడవాళ్ళ పేరైతే ఏఈ (ae)తో.

ఎక్కడ వెతకాలి అంటే, ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) వాళ్ళ కృషికోశ్ వెబ్‌సైట్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉంటాయి, ఇంట్లోనే కూర్చుని చూడొచ్చు. థీసిస్ దొరికితే సైన్సు కంటే ముందు కృతజ్ఞతల పేజీ చదవండి, చివర్లో వీటా, అంటే రాసినాయన వివరాల పేజీ, ఉంటే అది కూడా, పుట్టిన తేదీ, చదివిన బడి, గైడ్ పేరు అన్నీ అక్కడే. భారత కీటకశాస్త్ర సంఘం 1938లో మొదలైంది, వాళ్ళ పత్రిక 1939 నుంచి వస్తోంది, పాత సంచికలు పెద్ద లైబ్రరీల్లో ఉంటాయి. పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ 1972లో వచ్చింది, కంది, శనగ, జొన్న, వేరుశనగ పురుగుల మీద పనిచేసినవాళ్ళైతే వాళ్ళ వార్షిక నివేదికల్లో వెతకండి. రాజేంద్రనగర్ విశ్వవిద్యాలయం 1964లో మొదలైంది, తర్వాత ఎన్.జి. రంగా గారి పేరు వచ్చింది, 2014 తర్వాత ఇక్కడిది జయశంకర్ గారి పేరుతో వేరైంది, రంగా గారి పేరున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆంధ్రలో గుంటూరు వైపు పోయింది, కాబట్టి సర్వీసు కాగితాలు రెండింటిలో ఎక్కడైనా ఉండొచ్చు, 1964కి ముందైతే ఇక్కడి వ్యవసాయ కాలేజీ ఉస్మానియా కింద ఉండేది. అట్లాగే కాగితంలో పూసా అని ఉంటే సంవత్సరం చూడండి, భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1905 నుంచి బీహార్‌లోని పూసాలో ఉండేది, 1934 భూకంపంలో దెబ్బతిని 1936లో ఢిల్లీకి మారింది, పేరు మాత్రం వెంట తెచ్చుకుంది. మా వాళ్ళు ఒకాయన 1960ల్లో "పూసాలో చదివిండు" అంటే నేను బీహార్ అనుకుని నెల రోజులు పోగొట్టుకున్నా.

నన్ను బాగా కదిలించింది ఒకటుంది. తాత నోట్సులో ఒక పేజీ నిండా వంశవృక్షం ఉంది, మనుషులది అనుకుని సంబరపడ్డా, చూస్తే వరిది. డబ్ల్యూ 1263 అని వరంగల్‌లో తయారైన వరి, ఉల్లికోడుని తట్టుకుంటుంది, దాని అమ్మానాన్నలు ఎం.టి.యు. 15, ఈశ్వరకోర. ఈశ్వరకోర రైతుల దగ్గర తరాలుగా ఉన్న పాత రకం, ఆ తట్టుకునే గుణం దాని నుంచే వచ్చింది. ఉల్లికోడు సోకితే వరి పిలక ఉల్లికాడలాగా గొట్టమై పోతుంది, ఆ పిలకకి ఇక కంకి రాదు. తట్టుకునే రకం వేస్తే ఆ పురుగుకి మందు కొట్టే పని తగ్గుతుంది. కీటక శాస్త్రవేత్త జీవితం రాసేటప్పుడు ఎన్ని పేపర్లు అని కాకుండా ఏ పురుగు, ఏ పంట, ఏ ఊరు రైతుకి ఏం మిగిలింది అని రాయండి, వీలైతే ఆ ఊరికి పోయి ముసలి రైతుల్ని అడగండి, వాళ్ళకి గుర్తుంటారు.

భూమి కాగితాల గురించి కొంచెమే చెప్తా, అది వేరే పెద్ద కథ. 1954-55 ఖాస్రా పహాణీ అడగండి, పట్టాదారు, తండ్రి పేరు, కాస్తులో ఎవరున్నారు అన్నీ ఉంటాయి. అంతకు ముందువి సేత్వార్ లాంటివి, ఎక్కువగా ఉర్దూలో. ఒక ఆఫీసులో నన్ను ఐదుసార్లు తిప్పి చివరికి చెదలు పట్టాయి అన్నారు, అయినా విసుక్కోకండి, దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి నకలు దగ్గర పెట్టుకోండి. నిజాం కాలం సర్కారు కాగితాలు తార్నాకలో రాష్ట్ర పురాభిలేఖాగారంలో ఉన్నాయి, పాత గెజిట్లకి, పత్రికలకి అఫ్జల్‌గంజ్ సెంట్రల్ లైబ్రరీ, సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. ఉర్దూ, ఫారసీ చదివే పెద్దమనిషిని ఒకర్ని వెతికి పెట్టుకోండి, ఆయన సమయానికి డబ్బులివ్వండి, ఊరికే చేయించుకోవద్దు.

రాసినదంతా ఇంటర్నెట్‌లో పెట్టే ముందు ఆలోచించండి. బతికున్నవాళ్ళ పుట్టినరోజులు, ఫోన్లు, దత్తతల సంగతులు, జబ్బులు పెట్టొద్దు, ఇంట్లోవాళ్ళకి ముందు చదివి వినిపించండి. మేము నలభై పేజీల జిరాక్స్ పుస్తకం చేసి స్పైరల్ బైండింగ్ వేయించి ఇంటికొకటి ఇచ్చాం, అత్తమ్మకి పెద్ద అక్షరాల్లో వేరేగా.

పెట్టెల్ని మాత్రం ఇంట్లో ఉంచుకోవద్దు, మన వానాకాలానికి బూజు తప్పదు. రాజేంద్రనగర్ కీటకశాస్త్ర విభాగం గానీ, అత్తాపూర్‌లో ఉన్న భారత జంతుశాస్త్ర సర్వే కేంద్రం గానీ, ఢిల్లీ పూసాలోని జాతీయ కీటక సేకరణ గానీ, ముందు లేబుళ్ళ ఫోటోలు పంపి తీసుకుంటారా అని అడగండి. ఇచ్చేటప్పుడు రశీదు తీసుకోండి, ఎన్ని పెట్టెలు, ఎన్ని పురుగులు, సేకరించినది ఎవరు అని అందులో ఉండాలి. పెట్టె మూత లోపలివైపు ఇంటి తరఫున కూడా ఒక లేబుల్ అతికించండి, పెన్సిల్‌తోనో, చెరగని నల్ల ఇంకుతోనో. మేము అతికించినదాని మీద తాత పేరు, పనిచేసిన ఊర్లు, 1963 నుంచి 1984 దాకా అని ఉంది, దాని కింది లైనులో "లేబుళ్ళు రాసింది" అని చిన్న నాయినమ్మ పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరుతో సహా.